పప్పు ఉడకని బోరు నీళ్ళు బోస్మాని చేపలకు మంచివే

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీది తిరుపతి, కొర్లగుంట. రెండడుగుల ట్యాంకు, అడుగున తెల్లరాళ్ళు. మూడు నెలల క్రితం మూడు బోస్మాని రెయిన్బో చేపలు తెచ్చుకున్నారు. ఫోటోల్లో ముందు సగం నీలంగా, వెనక సగం నారింజగా మెరిసే చేప మీ ఇంట్లో మాత్రం వెలిసిపోయిన వెండి రేకులా ఉంది. ఒకటి రాత్రిపూట ఎగిరి కింద పడి చచ్చిపోయింది, మిగిలిన రెండింట్లో ఒకటి ఇంకోదాన్ని మూలకు తరుముతోంది. షాపతను "మీ బోరు నీళ్ళలో రంగు రాదు, ఆర్వో నీళ్ళు పోయండి" అన్నాడు, అందుకని చేపల కోసం ఒక ఆర్వో మెషిన్ కొనాలా అని అడిగారు.

కొనొద్దు. ఆ డబ్బుతో పెద్ద ట్యాంకు కొనండి.

నేను బైరాగిపట్టెడలో ఉంటాను, పదకొండేళ్ళుగా రెయిన్బోలే పెంచుతున్నాను, ఇదే ఆర్వో మాట నమ్మి మొదటి గుంపును పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మన బోరు నీళ్ళు ఎలాంటివో మీకు తెలుసు. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ రెండేళ్ళకే పెచ్చులు కట్టి పోతుంది, కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. అంటే సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలం. మనుషులకు ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ బోస్మాని పుట్టిన ఊరు చూడండి. ఇండోనేషియా వైపున్న పాపువాలో, మ్యాపులో పక్షి తలలా కనిపించే ద్వీపకల్పంలో, అయమారు అనే సరస్సులు, వాటి చుట్టుపక్కల వాగులు దాని సొంత చోటు. అక్కడి నేలంతా సున్నపురాయి. ఆ రాళ్ళ మీదుగా వచ్చిన నీళ్ళు కాబట్టి అవి కూడా క్షార గుణం ఉన్న గట్టి నీళ్ళే. మారినస్ బోస్మాన్ అనే డచ్ శాస్త్రవేత్త 1950లలో అక్కడ ఈ చేపను సేకరించారు, 1980లో అలెన్, క్రాస్ అనే ఇద్దరు దీన్ని కొత్త జాతిగా వర్ణించి ఆయన పేరే పెట్టారు. షాపుల్లో "బొస్మని" అని పిలిచేది అందుకే, అది రంగు పేరు కాదు, మనిషి పేరు. సొంత సరస్సుల్లో ఈ చేప ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మన షాపులకు వచ్చేవి దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే, అయినా నాకు ఈ చేప మీద ఉన్న గౌరవానికి అదీ ఒక కారణం.

సెంటాని సరస్సు నుంచి వచ్చిన ఎర్ర రెయిన్బో, పాపువా న్యూ గినీలో కుటుబు సరస్సుకు చెందిన నీలి టర్కాయిస్ రెయిన్బో కూడా మన నీళ్ళలో హాయిగా ఉంటాయి. అయితే రెయిన్బో అన్న పేరున్నవన్నీ ఒకటి కాదు. దారాల్లాంటి రెక్కలున్న చిన్న త్రెడ్‌ఫిన్ రెయిన్బో మెత్తటి నీళ్ళ, అంటే సున్నం తక్కువున్న నీళ్ళ చేప, అది మన బోరుకు తగదు. రెయిన్బో షార్క్ అని అమ్మేదానికి ఈ కుటుంబంతో సంబంధమే లేదు.

ఇప్పుడు నా ఆర్వో కథ. ఆరు పిల్ల బోస్మానీలు తెచ్చి, తాగే నీళ్ళ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించి ట్యాంకు నింపాను. నెలరోజులు అద్దంలా మెరిసిపోయింది. రెండో నెలలో చేపలు రెక్కలు ముడుచుకుని పైకి చేరి కదలకుండా నిలబడేవి. టెన్షన్ పడి మందులు వేశాను, ఉప్పు వేశాను. చివరికి నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ చూస్తే 6 కంటే కిందికి పడిపోయి ఉంది. జరిగింది ఏమిటంటే, చేప రెట్ట, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా వస్తుంది, ఫిల్టర్లో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ మార్పిడిలో ఆమ్లం పుడుతుంది. బోరు నీళ్ళలో ఉండే కార్బొనేట్లు ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తాయి. ఆర్వోలో ఆ కార్బొనేట్లు దాదాపు ఉండవు, అందుకే పీహెచ్‌ను పట్టి నిలిపేది లేక జారిపోయింది. పీహెచ్ అంతగా పడితే ఫిల్టర్ బాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా మిగిలిపోతుంది. ఆరింట్లో ఐదు చచ్చిపోయాయి. మిగిలిన ఒక్కదాన్ని వారం రోజుల పాటు కొంచెం కొంచెంగా బోరు నీళ్ళకు అలవాటు చేశాను. అది తర్వాత ఆరేళ్ళు బతికింది.

గట్టి నీళ్ళతో ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అమ్మోనియా ఎక్కువ విషం. 28, 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలో చేపను చంపే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అంటే మన ఊళ్ళో ఫిల్టర్ పూర్తిగా తయారు కాకముందే చేపలు వేయడం, మేత ఎక్కువ వేయడం మెత్తటి నీళ్ళ ఊరివాళ్ళ కంటే మనల్నే ఎక్కువ దెబ్బ కొడుతుంది. కొత్త ఫిల్టర్లో బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ళ దగ్గర జబ్బుల్లేని పాత ట్యాంకు ఉంటే, అందులో నడుస్తున్న స్పాంజ్ ఒకటి తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టుకుంటే త్వరగా కుదురుతుంది. స్పాంజ్‌ను కుళాయి కింద ఎప్పుడూ కడగొద్దు. ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

మీది అపార్ట్‌మెంట్ అయితే సంపులోకి ఏ నీళ్ళు వస్తున్నాయో వాచ్‌మన్‌ను అడగండి, ఇది చాలామంది అడగరు. కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో మున్సిపల్ లైన్లో వస్తే అందులో క్లోరిన్ ఉంటుంది, సంపు కడిగిన రోజు బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటారు. ఆ నీళ్ళకు యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్క ప్రకారం వేయాలి. ఒట్టి బోరు నీళ్ళకు క్లోరిన్ బాధ లేదు కానీ, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువ ఉంటుంది. ముందురోజు రాత్రి బకెట్లో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి ఉంచితే పొద్దుటికి సిద్ధం. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. మొత్తం నీళ్ళు పారబోసి ట్యాంకు తోమడం మంచిపని అనుకుని చేసేది, చేపలకు అంతకంటే హాని లేదు.

మీ బోరులో టీడీఎస్ 600, 800 చూపిస్తే కంగారు పడొద్దు. నాది 700 చుట్టుపక్కల ఉంటుంది. 1500 దాటి, నోట్లో పోసుకుంటే ఉప్పగా తగులుతుంటే అప్పుడు అది వేరే సంగతి, అలాంటి నీళ్ళలో సగం ఆర్వో కలుపుకోవచ్చు. టీడీఎస్ మీటర్ మొత్తం కరిగి ఉన్నవాటినే చెప్తుంది, అందులో సున్నమెంత, ఉప్పెంత అన్నది చెప్పదు. అందుకే సున్నం, మెగ్నీషియం ఎంతో చెప్పే జీహెచ్, కార్బొనేట్లు ఎంతో చెప్పే కేహెచ్ చుక్కలతో చూసే కిట్ ఒకటి కొనుక్కోండి, ఒక్కసారి చూస్తే మీ బోరు ఏమిటో తెలిసిపోతుంది.

మరి రంగు ఎందుకు రాలేదు? మొదటి కారణం వయసు. షాపుల్లో అమ్మేవి రెండు అంగుళాల లోపు పిల్లలు. ఆ వయసులో బోస్మాని వెండిరంగులోనే ఉంటుంది. గుప్పీలా వచ్చిన రోజే రంగు చూపించే చేప కాదు ఇది. మగది మూడంగుళాలు దాటాక రంగు పట్టుకోవడం మొదలవుతుంది, పూర్తిగా తేలడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది, ఆ తర్వాత ఏటికేడు శరీరం లోతుగా పెరిగి రంగు చిక్కబడుతుంది. షాపులో అందరూ మెరిసే చేప కోసం వెతుక్కుని ఈ తొట్టిని దాటి వెళ్ళిపోతారు. మీరు దాన్ని ఎంచుకున్నారు, ఓపిక పట్టండి.

రెండోది గుంపు. రెండు మూడు చేపలతో ఇవి ఎప్పుడూ నిబ్బరంగా ఉండవు. ఆరు కనీసం, ఎనిమిది ఉంటే మంచిది. అందులో మగవి మూడు, మిగతావి ఆడవి. రంగు కోసమని అన్నీ మగవే ఏరుకోవడం, ఆడవి తెల్లగా ఉన్నాయని వదిలేయడం తప్పు. మగది రంగు చూపించేది పక్క మగదానికి, ఆడదానికి. చూసేవాళ్ళే లేనప్పుడు దానికి రంగుతో పని లేదు. మీ ఇంట్లో తరిమేది బహుశా మగది. గుంపు పెద్దదైతే ఆ తరమడం అందరి మీదా పంచుకుపోయి ఎవరికీ దెబ్బ తగలదు. నా ట్యాంకుకు తూర్పు కిటికీ వెలుతురు పడుతుంది. తెల్లారి ఆరున్నర, ఏడు మధ్య మగవి రెండూ పక్కపక్కన చేరి రెక్కలు పూర్తిగా విప్పి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అప్పుడు నుదుటి నుంచి వీపు వరకు ఒక లేత గీత లైటు వేసి తీసినట్టు వెలిగి ఆరుతుంది. మొదటిసారి చూసినప్పుడు కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. మధ్యాహ్నం అదే చేపను చూస్తే సగం రంగు కూడా ఉండదు, కాబట్టి మీరు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి చూసి దిగులు పడుతున్నారేమో, ఒక ఆదివారం పొద్దున్నే లేచి చూడండి.

మూడోది అడుగున మీరు వేసిన తెల్లరాళ్ళు. చేప తన కింద ఉన్న రంగుకు తగ్గట్టు తన రంగు తగ్గించుకుంటుంది. తెల్లరాళ్ళు, నీలి ప్లాస్టిక్ రాళ్ళు తీసేసి నల్లటి ఇసుక గానీ ముదురు రంగు గులకరాళ్ళు గానీ వేయండి, వెనక అద్దానికి నల్ల కాగితం అతికించండి. పది రోజుల్లో తేడా కనిపిస్తుంది. మొక్కల్లో వాలిస్‌నేరియా మన నీళ్ళకు సరిగ్గా సరిపోతుంది, నీళ్ళలోని బైకార్బొనేట్‌నే తిని పెరుగుతుంది, దానికి గ్యాస్ సిలిండర్లు, ఖరీదైన ఎరువులు అక్కర్లేదు. జావా ఫెర్న్, జావా మాస్ కూడా బతుకుతాయి. మొక్కలు వెనక, పక్కల పెట్టి ముందు భాగం ఖాళీగా వదలండి. ఇవి పొడవునా దూసుకుపోయే చేపలు, వాటికి ఈదే జాగా కావాలి.

జాగా అన్నాను కాబట్టి ట్యాంకు సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే దాదాపు 56 లీటర్లు. పెద్దదైన మగ బోస్మాని నాలుగంగుళాలు ఉంటుంది. దానికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి, అంటే 255 లీటర్లు. గాజు 10 ఎంఎం అడగండి, కింద థర్మోకోల్ షీటు వేయించండి. నీళ్ళు, ఇసుక, గాజు, స్టాండు కలిపితే మూడు వందల యాభై కిలోల దాకా పోతుంది, పై అంతస్తులో ఉంటే గది మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గోడ వెంట పెట్టండి, ఇంటి ఓనరుకు ముందే చెప్పండి. అంత జాగా లేదంటే బోస్మానీలను ఎవరికైనా ఇచ్చేసి నియాన్ రెయిన్బో తెచ్చుకోండి. అది మాంబెరామో నది చేప, రెండు, రెండున్నర అంగుళాలే, నీలి మెరుపు ఒళ్ళు, ఎర్రటి రెక్కలు. మరీ గట్టి నీళ్ళు కాకపోతే మన దగ్గర బాగానే ఉంటుంది. మూడడుగుల ట్యాంకులో ఎనిమిది హాయిగా తిరుగుతాయి. రెండడుగుల ట్యాంకులో మాత్రం ఏ రెయిన్బోనూ నేను వేయమని చెప్పను. అది కొత్తగా తెచ్చిన చేపలను రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూసుకోవడానికి పనికొస్తుంది, అమ్మేయకండి.

మన ఊళ్ళో అసలు పరీక్ష నీళ్ళు కాదు, ఏప్రిల్, మే. బయట 42 ఉన్న రోజుల్లో ఇంట్లో ట్యాంకు 32, 33కి పోతుంది. బోస్మానికి 24 నుంచి 28 సుఖం, 30 వరకు ఓర్చుకుంటుంది. వేడి కంటే ముందు ఊపిరి సమస్య వస్తుంది. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు పట్టుకోగలవు, 32 డిగ్రీల దగ్గర అది 7 చిల్లరకు దిగుతుంది, అదే సమయంలో చేపకు ఎక్కువ కావాలి. పొద్దున్నే చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయంటే అర్థం అదే. రెండు స్పాంజ్ ఫిల్టర్లు పెట్టండి, మే నెలలో మేత సగానికి తగ్గించండి, నీటి పైభాగం మీదికి తగిలేలా ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఆవిరి వల్ల రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. ఐసు ముక్కలు వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడి మళ్ళీ వేడెక్కడం చేపకు మరింత హాని. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు నేరుగా పోయొద్దు, చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంటాయి.

ఫ్యాన్ పెట్టినప్పుడు నీళ్ళు రోజూ తగ్గుతూ పోతాయి. ఆవిరయ్యేది ఒట్టి నీళ్ళే, సున్నం, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతాయి. తగ్గిన దానికి బదులు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే ఎండాకాలం చివరికి ఆ నీళ్ళు మీ బోరు కంటే ఎంతో గట్టిపడతాయి. అందుకని ఆవిరైన భాగాన్ని మాత్రం ఆర్వో నీళ్ళతో పూడ్చండి, వారానికోసారి పావు వంతు మార్చేటప్పుడు బోరు నీళ్ళే వాడండి. మీ ఇంట్లో తాగే నీళ్ళకు ఉన్న మెషిన్ దీనికి చాలు.

కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. ఎయిర్ పంపుకు అయిదు వాట్లు కూడా పట్టదు, ఇన్వర్టర్ లైనులో ఒక ప్లగ్ దానికి వేయించండి. ఇన్వర్టర్ లేకపోతే పవర్ బ్యాంకుతో నడిచే చిన్న పంపులు దొరుకుతాయి. మూడేళ్ళ క్రితం మే నెలలో రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయి, మేము పెళ్ళికి ఊరెళ్ళి ఉండడం వల్ల, నా ఎర్ర రెయిన్బోల్లో పెద్దవి నాలుగూ పోయాయి. అలాంటప్పుడు పెద్ద చేపలే ముందు పోతాయి. డిసెంబరు, జనవరిలో హీటర్ నేను ఎప్పుడూ పెట్టలేదు.

మేత విషయంలో, నోరు చూడ్డానికి పెద్దగా ఉన్నా గొంతు సన్నం, ఒక మిల్లీమీటరు గుళికలు చాలు. స్పిరులినా కలిసినది ఒకటి, మాంసాహారం ఎక్కువున్నది ఒకటి మార్చి మార్చి వేయండి, వారానికి రెండుసార్లు ఉడికించి తొక్క తీసిన బఠానీ చిదిమి వేయండి. మురుగు కాలువల్లోంచి తెచ్చే ఎర్ర ట్యూబిఫెక్స్ పురుగులు వేయొద్దు, జబ్బులు దాంతోనే వస్తాయి. ఎంత వేసినా తింటాయి, కొవ్వు పట్టి పొట్టలు జారిపోతాయి. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉంటాం, చేపలకూ ఆ రోజు మేత లేదు. దాని వల్ల వాటికి మంచే జరిగింది.

ఒక జబ్బు గురించి చెప్పాలి. చేప ఎంత తిన్నా చిక్కిపోతూ, వీపు వంకర తిరిగి, ఒంటి మీద మానని పుండు వస్తే అది చేపల క్షయ కావచ్చు, రెయిన్బోల్లో కనిపించేదే. దానికి నమ్మదగ్గ మందు లేదు, ఆ చేపను వెంటనే వేరు చేయండి. ఆ బాక్టీరియాలో ఒక రకం మనిషి చర్మానికీ అంటుతుంది. చేతికి గాయం ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు, నీళ్ళు తీసేటప్పుడు పైపును నోటితో పీల్చొద్దు. పైపు నిండా నీళ్ళు పట్టి వేలితో మూసి వదిలితే అదే దిగుతుంది.

నాచు తింటుందని సక్కర్ చేప అంటగడతారు, తీసుకోవద్దు. అడుగుకు పైగా పెరుగుతుంది, పెరిగాక జనం తీసుకెళ్ళి చెరువులోనో స్వర్ణముఖిలోనో వదిలేస్తారు, రాష్ట్రంలో ఎన్నో చెరువుల్లో వలలు చింపుతూ జాలరులను ఏడిపిస్తున్నది అదే. మీ రెయిన్బోలను కూడా ఎప్పుడూ బయట వదలొద్దు. బోస్మాని, టర్కాయిస్ కలిపి వేసుకోవచ్చు కానీ గుడ్లు దాచి పిల్లలు చేయాలనుకుంటే కలపకండి, జాతులు కలిసిపోయి రంగు చెడిన పిల్లలు పుడతాయి.

మిగతా చేపల కోసం చెన్నై కొళత్తూరు వెళ్ళడం మంచిదే, అలంకార చేపలకు మనకు దగ్గర్లో అంత పెద్ద మార్కెట్ ఇంకోటి లేదు. కానీ ఈ ఎండల్లో వద్దు, వానలు పడ్డాక వెళ్ళండి. ఆక్సిజన్ కవర్లు థర్మోకోల్ డబ్బాలో పెట్టించుకుని, కొన్న వెంటనే బస్సెక్కి వచ్చేయండి. రెండంగుళాలవి ఆరు తీసుకోండి. వెన్ను తిన్నగా, పొట్ట నిండుగా ఉన్నవి, పైన నిలబడి ఉండకుండా గుంపుతో తిరుగుతున్నవి చూడండి. ఇంటికొచ్చాక కవరు అరగంట తేలనిచ్చి, మీ నీళ్ళు పది నిమిషాలకోసారి గ్లాసుడు చొప్పున గంటసేపు కలిపి, అప్పుడు చేపలను మాత్రం వలతో తీసి వేయండి, కవర్లో నీళ్ళు పారబోయండి.

వీటన్నిటికంటే ముందు మూత, ఈ రోజే. ఈ చేప ఎగురుతుంది. లైటు ఒక్కసారిగా ఆరినా, పిల్లవాడు అద్దం మీద కొట్టినా, ఇంకో చేప తరిమినా గాల్లోకి లేస్తుంది. గాజు మూత ఎండాకాలం వేడిని లోపలే ఉంచుతుంది, కాబట్టి కిటికీలకు దోమల మెష్ బిగించేవాళ్ళ దగ్గరికి ట్యాంకు పై కొలతలు రాసుకుని వెళ్ళి, అల్యూమినియం ఫ్రేములో మెష్ బిగించి ఇమ్మనండి. పైపులు దిగే మూలలో వాటికి పట్టినంత సందే వదలమనండి, మిగిలిన ఖాళీని స్పాంజ్ ముక్కతో మూసేయండి. నా రెండో గుంపులో ఒకటి రెండు వేళ్ళ సందులోంచి బయటపడింది.